మా బీఎస్సీ పిల్లల స్కాలర్‌షిప్ ఆపకండి, సర్టిఫికెట్లు విడిపించండి: ప్రభుత్వానికి బహిరంగ లేఖ

తెలంగాణ ప్రభుత్వ విద్యాశాఖ, ఆర్థికశాఖ, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు, ఉన్నత విద్యామండలి పెద్దలకు

నమస్కారం.

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో చాలా ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి బీఎస్సీ చదివే పిల్లలు ఇప్పటికీ ఇంటికి వస్తుంటారు. ఒకరు ల్యాబ్ రికార్డు దిద్దించుకోవడానికి, ఒకరు ఈపాస్ (స్కాలర్‌షిప్‌కు ఆన్‌లైన్‌లో పెట్టే దరఖాస్తు) ఫారంలో ఏం నింపాలో అడగడానికి, ఇంకొకరు పీజీ ఎంట్రన్స్‌కు ఏ పుస్తకం చదవాలో తెలుసుకోవడానికి. ఆగిన స్కాలర్‌షిప్, ఫీజు డబ్బుల గురించి వాళ్లతో, వాళ్ల తల్లిదండ్రులతో కలిసి ప్రజావాణిలో (అధికారులు జనం అర్జీలు తీసుకునే కార్యక్రమంలో) అర్జీలు పెట్టాం. రసీదు ఇచ్చారు. సంబంధిత శాఖకు పంపామన్నారు. ఆ శాఖకు వెళ్తే బిల్లు ట్రెజరీకి పోయింది, టోకెన్ పడింది, నిధులు రాగానే ఖాతాలో వేస్తామన్నారు. ఆ తర్వాత ఎవరిని అడిగినా అదే మాట. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

మీరు చేసిన మంచి పనులు రెండు ముందుగా చెప్పాలి. 2024 చివర్లో హాస్టళ్ల డైట్ చార్జీలు పెంచారు. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 రూపాయలు ఉన్నది 2,100 అయింది. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలు ఆర్టీసీ బస్సులో టికెట్ డబ్బులు కట్టకుండా కాలేజీకి వస్తున్నారు. రెండూ పిల్లలకు నిజంగా అక్కరకొచ్చాయి. అవి చేయగలిగిన ప్రభుత్వం ఇవీ చేయగలదనే నమ్మకంతోనే అడుగుతున్నాను.

బీఎస్సీలో చేరేదెవరో మీకు తెలియంది కాదు. ఇంటర్‌లో ఎంపీసీయో బైపీసీయో చదివి, ఎప్‌సెట్‌లో అనుకున్న ర్యాంకు రాక, నీట్ లాంగ్‌టర్మ్‌కు కట్టే డబ్బు లేక, దగ్గర్లోని టౌన్‌లో డిగ్రీకి వచ్చేవాళ్లు. నాన్న కౌలుకు చేస్తుంటాడు, లేదా ఆటో నడుపుతుంటాడు. అమ్మ బీడీలు చుడుతుంది, కూలికి పోతుంది. దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) ఆప్షన్లు పెట్టేటప్పుడే చాలామంది బీకాం కంప్యూటర్స్ వైపు వెళ్లిపోతున్న ఈ రోజుల్లో, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ కావాలని కోరి తీసుకున్న పిల్లలు వీళ్లలో ఎందరో ఉన్నారు. ఇంట్లో ఇంతకుముందు ఎవరూ డిగ్రీ గడప తొక్కని వాళ్లే ఎక్కువ.

స్కాలర్‌షిప్ ఆలస్యమైతే ఏ కోర్సు వాళ్లకైనా ఇబ్బందే. సైన్స్ పిల్లలకు దానికి తోడు మరో నష్టం ఉంది. థియరీ క్లాసు తప్పితే ఫ్రెండు నోట్సు చూసి రాసుకోవచ్చు, యూట్యూబ్‌లో వినొచ్చు. ల్యాబ్ తప్పితే మళ్లీ దొరకదు. ఆ రోజు ఆ బ్యాచ్ కోసం ద్రావణాలు కలిపి, బీకర్లు, బ్యూరెట్లు సర్దిపెడతారు. ఒక్కరి కోసం మర్నాడు మళ్లీ ఎవరూ సర్దరు. ప్రాక్టికల్స్ చాలా కాలేజీల్లో మధ్యాహ్నం పూట ఉంటాయి. చేతిలో డబ్బు లేని పిల్లవాడు పనికి వెళ్లేది సరిగ్గా ఆ మధ్యాహ్నాలే. మీ దగ్గర ఆగిన ప్రతి బిల్లూ ఎక్కడో ఒక విద్యార్థి ల్యాబ్ గంటల్ని తింటోంది. ఈ లేఖలో నేను చెప్పేదంతా దీని చుట్టూనే ఉంటుంది. దీనివల్ల ఎవరికి ఏం జరుగుతోందో వరసగా రాస్తున్నాను.

1. పనికి పోక తప్పడం లేదు, ల్యాబ్ పోతోంది.

మా వైపు పత్తి ఎక్కువ. అక్టోబరు నుంచి జనవరి దాకా ఏరుతారు. డిగ్రీలో ఒకటి, మూడు, ఐదు సెమిస్టర్ల ప్రాక్టికల్స్ సాగేదీ దాదాపు ఆ నెలల్లోనే. ఇంటి పనికి, కూలి పనికి పిల్లలు వెళ్తారు. టౌన్‌లో ఉండే మగపిల్లలు పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్‌కు, పెట్రోలు బంకులకు, ఫుడ్ డెలివరీకి పోతారు. పత్తికాయ తొడిమల అంచులు గీరి వేలి కొసలు చీరుకుపోతాయి. అలాంటి చేతులతో ల్యాబ్‌కు వచ్చి పిపెట్ పట్టుకున్న పిల్లవాడు డైల్యూట్ యాసిడ్ చుక్క తగలగానే చెయ్యి విదిలించుకోవడం నేను చూశాను. అడిగితే ఏం లేదు సార్ అంటాడు. మర్నాడు రాడు.

ఇలాంటి వాళ్లు బ్యాచ్‌లో సగం మంది ఉంటే రికార్డులు ఎలా ఉంటాయో చెప్తాను. టైట్రేషన్‌లో, అంటే బ్యూరెట్ నుంచి ద్రావణం చుక్కచుక్కగా వదిలి ఎంత పట్టిందో కొలిచే ప్రయోగంలో, ఎవరి బ్యూరెట్ రీడింగ్ వాళ్లకు రావాలి. ఫినాప్తలీన్ రంగు మారే ఆ ఒక్క చుక్క దగ్గర ఆపడం చేతికి అలవాటు కావాలి. ఒకరికి 9.8 వస్తే ఇంకొకరికి 9.9 వస్తుంది, ఒక్కోసారి తప్పుగా 10.6 వస్తుంది. ఆ తప్పు ఎందుకొచ్చిందో వెతుక్కోవడమే నేర్చుకోవడం. ఇప్పుడు కట్ట విప్పితే రికార్డు తర్వాత రికార్డులో 9.8, 9.8, 9.8. చేసినవాడి రీడింగ్ చేయని వాళ్లందరూ ఎక్కించుకున్నారు. మార్కులు పడతాయి, మెమో వస్తుంది, డిగ్రీ చేతికొస్తుంది. చెయ్యి మాత్రం ఖాళీగానే ఉంటుంది. దీన్ని కాపీ అని పిల్లల్ని తిట్టడం తేలిక. ఆ మధ్యాహ్నం వాళ్లు ఎక్కడ ఉన్నారో అడిగితే కోపం రాదు.

ఇంకో చిక్కు ఉంది. స్కాలర్‌షిప్ రావాలంటే 75 శాతం హాజరు ఉండాలి. స్కాలర్‌షిప్ రాక పనికి వెళ్తే హాజరు తగ్గుతుంది. హాజరు తగ్గిందని స్కాలర్‌షిప్ ఆగుతుంది. ఈ చక్రంలో పడిన పిల్లవాడు సాధారణంగా రెండో ఏడాదిలో చదువు మానేస్తాడు. మీ లెక్కల్లో వాడు డ్రాపౌట్. డ్రాపౌట్ కారణాల్లో బిల్లు ఆలస్యం అని రాసే గడి ఉండదు.

2. ఫీజు బకాయి ప్రభుత్వానిది, ఆగేది పిల్లల టీసీ.

వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ హయాంలో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైంది. పేద ఇంటి నుంచి ఇంత మంది డిగ్రీకి వచ్చారంటే అందులో దాని వాటా చాలా పెద్దది. ఆ పథకాన్ని తర్వాత వచ్చిన ప్రభుత్వాలన్నీ కొనసాగించాయి, బకాయిలు కూడా ఒకరి నుంచి ఒకరికి వచ్చాయి. ఏ ప్రభుత్వం ఎంత పెట్టిపోయిందనే లెక్క నాకు అక్కర్లేదు, ఈ పిల్లలకు అసలే అక్కర్లేదు. 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ కాలేజీలు మూతపడ్డాయి. 2025 నవంబరులో మళ్లీ బంద్ అయింది. రెండుసార్లూ కారణం బకాయిలే. పల్లె టౌన్లలో నడిచే చిన్న కాలేజీల వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. లెక్చరర్లకు నెలల తరబడి జీతాలు ఇవ్వలేని యాజమాన్యాలూ ఉన్నాయి.

కానీ చివరికి భారం పడేది అందరికన్నా బలహీనుడి మీదే. మూడో ఏడాది పూర్తి చేసిన పిల్ల టీసీ కోసం వెళ్తే, ప్రభుత్వం నుంచి మీ ఫీజు రాలేదు, కట్టి తీసుకెళ్లు, వచ్చాక తిరిగి ఇస్తాం అంటారు. మూడేళ్ల ఫీజు ఒక్కసారి ఎక్కడి నుంచి తెస్తుంది? పీజీ కౌన్సెలింగ్‌కు గడువు ఉంటుంది. ఆ గడువులో టీసీ, ఒరిజినల్ మెమోలు చూపకపోతే వచ్చిన సీటు పోతుంది. కొందరు తల్లులు పుస్తెలతాడు తాకట్టు పెట్టి విడిపించుకున్నారు. కొందరు వడ్డీకి తెచ్చారు. మిగతావాళ్లు వచ్చే ఏడు చూద్దాంలే అని ఇంట్లో కూర్చున్నారు. ఆడపిల్ల ఒక ఏడాది ఇంట్లో ఉంటే మా ఊళ్లలో సంబంధాలు చూడటం మొదలవుతుంది. కెమిస్ట్రీలో యూనివర్సిటీ సీటు తెచ్చుకున్న అమ్మాయికి అట్లా పెళ్లి చేసి పంపించిన ఇల్లు నాకు తెలుసు. ఆమె తండ్రిని నేను ఒక్క మాట అనలేకపోయాను. సీటు పోయింది సార్, ఇంక ఎందుకు ఉంచాలి అన్నాడు.

విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోరాదని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని అమలు చేయించే పని ఎవరిదో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. యూనివర్సిటీని అడిగితే కాలేజీ అంటుంది, కాలేజీని అడిగితే ప్రభుత్వం అంటుంది.

3. బీఎస్సీని చవక కోర్సు కింద లెక్కకట్టారు.

కేంద్రం 2021లో సవరించిన ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాల్లో కోర్సులను గ్రూపులుగా చేశారు. ఇంటి నుంచి వచ్చిపోయే విద్యార్థికి పైగ్రూపు ప్రొఫెషనల్ కోర్సుల్లో ఏడాదికి 7,000 రూపాయల భత్యం ఉంది. మామూలు డిగ్రీల గ్రూపులో 3,000. అంటే నెలకు 250 రూపాయలు. బీఎస్సీ పిల్లవాడు ఆ 250లోనే మగవాడైతే బస్సు పాస్ కొనుక్కోవాలి, ల్యాబ్ కోటు కుట్టించుకోవాలి, సబ్జెక్టుకో రికార్డు, అబ్జర్వేషన్ బుక్కు కొనాలి, గ్రాఫులు, బొమ్మల పేపర్లు, చివరి ఏడాది ప్రాజెక్టు ప్రింటు, బైండింగ్ చూసుకోవాలి. ఆ ఖర్చులు ఉన్నాయని లెక్క కట్టినవాళ్లకు తట్టినట్టు లేదు. రెండు మూడు సబ్జెక్టులకు ప్రాక్టికల్ ఉన్న కోర్సును, ప్రాక్టికలే లేని కోర్సులతో ఒకే గాటన కట్టారు.

4. ఆదాయ పరిమితి.

మన రాష్ట్రంలో బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన) కుటుంబాలకు పల్లెల్లో ఏడాదికి లక్షా యాభై వేలు, పట్టణాల్లో రెండు లక్షలు దాటితే ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు. లక్షా యాభై వేలంటే ఇంటిల్లిపాదికీ కలిపి రోజుకు 411 రూపాయలు. భార్యాభర్తలిద్దరూ కూలికి వెళ్లే ఇల్లు నిజం చెబితే ఈ గీత దాటిపోతుంది. అదే బీసీ కుటుంబానికి క్రీమీలేయర్ పరిమితి, అంటే దాటితే రిజర్వేషన్ పోయే ఆదాయం, ఎనిమిది లక్షలు. రిజర్వేషన్‌కు పేదవాళ్లయినవాళ్లు ఫీజు దగ్గర డబ్బున్నవాళ్లు ఎలా అవుతారు? నిజం చెప్పిన తండ్రి కొడుకు నష్టపోయి, మీసేవలో తక్కువ రాయించుకున్నవాడు గట్టెక్కే నిబంధన మంచిది కాదు.

5. సైన్స్ కోసం పెట్టిన స్కాలర్‌షిప్పులు వీళ్లదాకా రావు.

కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ 2008లో తెచ్చిన ఇన్‌స్పైర్ కింద బీఎస్సీ విద్యార్థికి ఏడాదికి 80,000 రూపాయలు ఇస్తారు. అందులో 60,000 చేతికి, 20,000 వేసవి ప్రాజెక్టుకు. ఎంత గొప్ప పథకం! ఆ డబ్బు మా పిల్లవాడికి వస్తే పత్తి చేను వైపు చూడడు. కానీ అర్హత ఇంటర్ బోర్డులో మొదటి ఒక శాతం. మన దగ్గర ఆ ఒక శాతంలో ఎక్కువ మంది కార్పొరేట్ కాలేజీల నుంచి వచ్చి ఇంజినీరింగ్‌కో మెడిసిన్‌కో పోతారు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో, లెక్చరర్ పోస్టు సగం ఏడాది ఖాళీగా ఉన్న చోట చదివి, 850 మార్కులు తెచ్చుకుని బీఎస్సీలో చేరిన పిల్లకు అది అందదు. 1999 నుంచి నడిచిన కేవీపీవై అనే మరో సైన్స్ స్కాలర్‌షిప్‌ను కూడా 2022లో ఆపి ఇన్‌స్పైర్‌లోనే కలిపేశారు. అలా ఇంకో తలుపు మూసుకుపోయింది. కేంద్రం డిగ్రీ పిల్లలకు ఇచ్చే మరో స్కాలర్‌షిప్ ఏడాదికి 12,000. అదీ ఇంటర్ మార్కుల్లో మొదటి 20 శాతంలో ఉన్నవాళ్లకే.

6. పై చదువు దగ్గర మళ్లీ గేటు.

ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. 2024 జామ్‌కు ఒక పేపర్ ఫీజు 1,800. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు సగం. బీసీ మగపిల్లవాడు ఎంత పేదవాడైనా మొత్తం కట్టాల్సిందే. ఆ తర్వాత సెంటరున్న నగరానికి ప్రయాణం, రాత్రి బస. చాలామందికి జామ్ అనే పరీక్ష ఉందన్న సంగతే చివరి సెమిస్టర్‌లో తెలుస్తుంది, అప్పటికి అప్లికేషన్ తేదీ అయిపోయి ఉంటుంది. సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, జాతీయ పోషకాహార సంస్థ, ఈ పరిశోధన సంస్థలన్నీ మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. జిల్లా బీఎస్సీ పిల్లల్లో వాటి గేటు లోపల అడుగుపెట్టినవాళ్లు ఎందరుంటారో మీరే కనుక్కోండి.

7. పరిశ్రమకు కావాల్సిన చేతులు వీళ్లవే.

ప్రపంచ వ్యాక్సిన్లలో మూడో వంతు హైదరాబాద్‌లోనే తయారవుతున్నాయని మన ప్రభుత్వాలు పెట్టుబడుల సభల్లో గర్వంగా చెప్తుంటాయి. గర్వపడాల్సిన విషయమే. ఆ ఫ్యాక్టరీల్లో, జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, జడ్చర్ల, చౌటుప్పల్ మందుల యూనిట్లలో రాత్రి షిఫ్టుల్లో రియాక్టర్ల దగ్గర, నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబుల్లో పనిచేసేది ఎక్కువగా మన బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లలే. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు ప్రమాదం తలచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. దాని కారణాలు విచారణల్లో తేలాలి, వాటి జోలికి నేను పోను. నేను అడిగేది ఒక్కటే. సాల్వెంట్లు, యాసిడ్లు, పొడులు, వేడి ఉన్న చోటికి పంపే పిల్లవాడికి మూడేళ్లలో ల్యాబ్‌లో నిలబడే అవకాశం ఇవ్వకుండా పంపడం ఎంతవరకు భద్రం? ఇది వాడి ప్రాణానికి, పక్కనున్నవాళ్ల ప్రాణాలకు సంబంధించిన సంగతి.

ల్యాబుల పరిస్థితి, గెస్ట్ లెక్చరర్ల వేతనాలు, ఇంటర్ దాకా తెలుగులో చదివి డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లిష్ మీడియంలో పడిన పిల్లల అవస్థ, ఒక్కోటీ వేరే లేఖ రాయాల్సినంత ఉంది. ఇక్కడ వాటి జోలికి వెళ్లడం లేదు.

ఇప్పుడు మేం అడుగుతున్నవి:

1. డిగ్రీ ఫీజు బకాయిలు ఏ నెలలో ఎంత విడుదల చేస్తారో తేదీలతో పట్టిక ప్రకటించండి. చివరి ఏడాది పూర్తి చేసిన పిల్లలవి ముందు ఇవ్వండి. డబ్బు మొత్తం ఒకేసారి లేదంటే అర్థం చేసుకుంటాం. ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే పిల్లల్ని ఎక్కువగా కుంగదీస్తోంది.

2. ప్రభుత్వం ఇవ్వాల్సిన ఫీజు కారణంగా ఏ కాలేజీ కూడా టీసీ, మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఆపకూడదని జీవో ఇవ్వండి. దానికి బదులుగా ఆ విద్యార్థి ఫీజు బాధ్యత మాదేనని ప్రభుత్వం కాలేజీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. కాలేజీల మీద కేసులు పెట్టమని నేను అనడం లేదు. ప్రతి యూనివర్సిటీలో ఈ ఫిర్యాదులు తీసుకునే ఒక అధికారి, ఎత్తే ఫోను ఉండాలి. పీజీ కౌన్సెలింగ్‌లో టీసీ లేని ఈపాస్ విద్యార్థికి గడువు పొడిగించి సీటు నిలపాలి.

3. మెయింటెనెన్స్ డబ్బును, అంటే పిల్లల సొంత ఖర్చులకిచ్చే స్కాలర్‌షిప్ భత్యాన్ని, ఏడాదికోసారి కాకుండా, పింఛన్ల మాదిరిగా నెలనెలా పిల్లల ఖాతాలో వేయండి. పత్తి సీజన్‌లో నెలకు ఒక వెయ్యి రూపాయలు టైముకు వస్తే, సంవత్సరం తర్వాత వచ్చే పదివేల కన్నా అది ల్యాబ్‌లో పిల్లవాణ్ణి ఎక్కువ నిలబెడుతుంది. ఆధార్ బ్యాంకు లింకు కాలేదని డబ్బు వెనక్కి వెళ్లిన పిల్లల జాబితా ప్రతి కాలేజీకి పంపి, అక్కడే సరిచేయించండి.

4. ప్రాక్టికల్ ఉన్న ప్రతి డిగ్రీ కోర్సుకు రాష్ట్రం తరఫున సెమిస్టర్ మొదట్లోనే ల్యాబ్ భత్యం ఇవ్వండి. ల్యాబ్ కోటు, రికార్డులు కాలేజీలోనే ఉచితంగా ఇస్తే ఇంకా మంచిది.

5. పని వల్ల ప్రాక్టికల్స్ తప్పినవాళ్లకు సెమిస్టర్ చివర్లో రెండు వారాల అదనపు ల్యాబ్ పెట్టండి. ఆ హాజరును 75 శాతంలో కలపండి. కెమికల్స్ ఖర్చు, ల్యాబ్ సిబ్బందికి ఆ రోజుల వేతనం ఇస్తే లెక్చరర్లు ముందుకొస్తారు, నేను పూచీ. రిటైరైన మాలాంటి వాళ్లం ఉచితంగా వచ్చి నిలబడతాం.

6. ఆదాయ పరిమితిని అన్ని వర్గాలకూ, పల్లె పట్టణం తేడా లేకుండా, కేంద్రం ఎస్సీ విద్యార్థులకు పెట్టిన 2.5 లక్షలకు తేవాలి.

7. ప్రభుత్వ జూనియర్ కాలేజీల నుంచి బీఎస్సీలో చేరిన పిల్లలకు జిల్లాల వారీగా రాష్ట్ర సైన్స్ స్కాలర్‌షిప్ పెట్టండి. బోర్డు మొత్తం ర్యాంకు చూడొద్దు, ఆ కాలేజీలో ఆ పిల్ల ఎక్కడుందో చూడండి. విదేశాల్లో చదివే మన పిల్లలకు 20 లక్షల దాకా ఓవర్సీస్ విద్యానిధి ఇస్తున్నాం. అది ఇవ్వాల్సిందే. అందులో ఒక్కరికి ఇచ్చేదానితో బీఎస్సీ పిల్లలు ఎంతమంది మూడేళ్లూ నిశ్చింతగా చదువుకుంటారో ఒక్కసారి లెక్క వేయండి.

8. జామ్ లాంటి జాతీయ పరీక్షల ఫీజు, ప్రయాణం ఖర్చు ఈపాస్ విద్యార్థులకు తిరిగి ఇవ్వండి. వేసవి సెలవుల్లో జిల్లా పిల్లలు హైదరాబాద్ పరిశోధన సంస్థలకు వచ్చి ఉండేలా సంక్షేమ హాస్టళ్లలో వసతి ఇవ్వండి. వేసవిలో ఆ గదులు ఎలాగూ ఖాళీయే.

9. కంపెనీల చట్టం 2013 ప్రకారం ఆ పరిధిలోకి వచ్చే కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. విద్య అందులో ఉంది. ఫార్మా కంపెనీలతో కూర్చుని, తమ యూనిట్లు ఉన్న జిల్లాల డిగ్రీ కాలేజీల ల్యాబులకు, బీఎస్సీ పిల్లల స్కాలర్‌షిప్పులకు ఆ డబ్బు వచ్చేలా ఒప్పించండి. రేపు వాళ్ల దగ్గర పనిచేసేది ఈ పిల్లలే కాబట్టి వాళ్లకూ ఇది అవసరమే.

వీటిలో కొన్నింటికి బడ్జెట్ కావాలి, కొంత కాలం కావాలి. రెండో డిమాండ్‌కు ఆ రెండూ అక్కర్లేదు. ఒక జీవో చాలు. వచ్చే పీజీ కౌన్సెలింగ్ నోటిఫికేషన్ లోపు అది రావాలని గట్టిగా కోరుతున్నాం. మిగతా వాటి మీద ఏం చేయగలరో, ఏం చేయలేరో, ఎందుకు చేయలేరో సెమిస్టర్ పరీక్షల లోపు రాతపూర్వకంగా చెప్పండి. మా అర్జీల రసీదులన్నీ పిల్లల దగ్గర ఉన్నాయి, అడిగితే కాపీలు పంపుతారు. జవాబు రాకపోతే పిల్లలతో, వాళ్ల తల్లిదండ్రులతో కలిసి కలెక్టరేట్ ముందు శాంతియుతంగా కూర్చుంటాం. ఆ రోజు కూడా ల్యాబ్ లేని రోజే చూసుకుని వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత కెమిస్ట్రీ అధ్యాపకుడు,
బీఎస్సీ విద్యార్థుల, వారి తల్లిదండ్రుల తరఫున